మా బండికి కొత్త నేల



ఈ నెల మేము రాస్తున్నది గొప్ప సాక్ష్యమేమీ కాదు. ఒక పాత వ్యానులో అతికించి ఉన్న తివాచీ పీకేసి, దాని స్థానంలో వినైల్ షీటు వేసుకున్న సంగతి. ఇంతమాత్రం పనికి ఒక వ్యాసం ఎందుకని అడిగేవారుంటారు. మా ఇంట్లో ఆ పనికి పది నెలలు పట్టింది. అందులో మేము ఏడ్చిన రోజులున్నాయి, పోట్లాడుకున్న రోజులున్నాయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్న రోజులూ ఉన్నాయి.

మేము అంటే భార్యాభర్తలం ఇద్దరం. మాది పెనుగొండ. మాలో ఒకరు ఆయనను నాన్నగారు అని పిలిస్తే, మరొకరు మామయ్యగారు అంటారు. రాతలో ఆ తేడా పెట్టుకుంటే చదివేవారికి చిక్కు గనుక ఇక్కడ నాన్నగారు అనే రాస్తున్నాం. అమ్మ విషయంలోనూ అంతే.

నాన్నగారు హైస్కూలు లెక్కల మాస్టారుగా పనిచేసి 2012లో రిటైరయ్యారు. అమ్మకు షుగరు. దానికి తోడు మోకాళ్ల నొప్పులు. ప్రయాణమంటే అమ్మకు భయం. భయం రోడ్డు గురించి కాదు, మరుగు గురించి. బస్సు ఎక్కాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేసేది. బరంపురంలో ఉన్న మా అక్క ఇంటికి వెళ్లి రావాలన్నా, ఎవరిదైనా పెళ్లికి రాజమండ్రి దాటి వెళ్లాలన్నా ఇదే తంతు. బస్సు ఆగిన చోటల్లా ఆడవాళ్లు పడే అవస్థ ఈ పత్రిక చదివే అక్కలకు, చెల్లెళ్లకు మేము చెప్పనక్కర్లేదు. ఒకసారి దారిలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆ రోజు నాన్నగారు ఏమీ అనలేదు గాని, రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పక్కన పెట్టారు.

2014లో ఒక బడివారు అమ్మకానికి పెట్టిన పాత మినీ బస్సు చవకలో దొరికింది. తణుకులో బాడీ కట్టే షెడ్డులో దాన్ని ఇల్లులా చేయించారు. రెండు పడకలు, చిన్న పొయ్యి, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు, వెనక మూలన మూడడుగుల చదరంలో ఒక మరుగుదొడ్డి. ఆ మూడడుగుల గది కోసమే మిగిలిన బండి అంతా అని ఆయన అనేవారు. బండి రూపం మార్చాలంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం రిజిస్టరు చేసిన అధికారుల అనుమతి ఉండాలి. లెక్కల మాస్టారు గనుక ఆ కాగితాలన్నీ వరుసగా పెట్టి, తిరగవలసినన్నిసార్లు తిరిగి అనుమతి తెచ్చారు. ఆ సెక్షను ఈనాటికీ ఆయనకు కంఠతా వచ్చు.

నేల మీద ఏం వేయాలన్న మాట వచ్చినప్పుడు అమ్మ ఒక్క కోరిక కోరింది. "ఏమండీ, ఏలూరు తివాచీ ఒకటి వేయిద్దామా?" అని. ఏలూరు తివాచీలు మీరెరిగినవే. ఎప్పుడో పర్షియా నుంచి వచ్చి స్థిరపడినవారి చేతి పని అది. ఊలు దారం ముడి మీద ముడి వేసి నేస్తారు. మేము నలుగురం వెళ్లి చూశాం. ధర విని నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అమ్మే నవ్వేసి, "బస్సులో పరుచుకుని తొక్కడానికా ఇంత మంచిది, పదండి" అంది. చివరికి షెడ్డువాళ్లు మిషను మీద చేసిన ముదురు నీలం తివాచీ తెచ్చి, బండి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా జిగురుతో అతికించేశారు. అమ్మ దాని మీద మోకరించి మొదటి ప్రార్థన చేసింది. మోకాళ్లు నొప్పి పెట్టినా మోకరించడం మాత్రం మానలేదు.

ఆ తరువాత ఆరేళ్లు వాళ్లిద్దరూ తిరిగినంతగా మా వీధిలో ఇంకెవరూ తిరిగి ఉండరు. బరంపురం, మదనపల్లె, డోర్నకల్, మెదక్. మెదక్ చర్చికి ఒకసారి మేమూ వెళ్లాం. పోస్నెట్ దొరగారు కరవు కాలంలో పేదలకు పని కల్పిస్తూ కట్టించిన మందిరం అది. 1924లో పూర్తయింది. లోపలి నేలకు పరచిన రంగు పలకలు ఇంగ్లండు నుంచి తెప్పించినవి. అందరూ తలలెత్తి అద్దాల కిటికీలు చూస్తుంటే అమ్మ మాత్రం వంగి నేల చూసింది. "నూరేళ్ల నుంచి ఇంతమంది తొక్కుతున్నా ఎంత నున్నగా ఉందో చూడు. తడిగుడ్డ పెడితే చాలు, అద్దం" అంది. ఆవిడకు నేల తుడవడం ఇష్టం. మా పాత ఇంట్లో ఎర్ర గచ్చు ఉండేది. అంతకుముందు చిన్నతనంలో పుట్టింట్లో మట్టి నేల, పేడతో అలకడం. గచ్చు ఇంటికి కోడలిగా వచ్చినందుకు తాను ఎంత మురిసిపోయిందో చెప్పేది.

2021 జనవరిలో అమ్మ ప్రభువునందు నిద్రించింది. బండి పెరట్లో చింతచెట్టు కింద నిలిచిపోయింది. నాన్నగారు మధ్యాహ్నాలు అందులోకి వెళ్లి కూర్చునేవారు. పడుకునేవారు. మేము ఏమీ అనలేదు.

2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం బ్యారేజి నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలారు. 1986 వరద చూసిన పెద్దలు కూడా దడుచుకున్నారు. ఆచంట వైపు లంకల్లో ఉన్నవారు పిల్లలతో, మేకలతో గట్టు ఎక్కారు. మా సంఘస్థులు కలిసి అన్నం పొట్లాలు, పాలు, దుప్పట్లు పోగుచేశారు. తీసుకెళ్లడానికి బండి కావలసి వచ్చింది. నాన్నగారే తాళం తీసుకొచ్చి, "మీ అమ్మ ఉంటే నిన్ననే పంపించేసేది" అన్నారు. నాలుగు రోజులు ఆ బండి గట్టు మీదే ఉంది. బాలింత ఒకావిడ పసిగుడ్డుతో రెండు రాత్రులు అందులోనే పడుకుంది. అందరి కాళ్లకూ ఒండ్రు. వాన. తుడిచేది ఎవరు, తుడిచినా తివాచీ మీద నుంచి పోయేదెలా?

తిరిగొచ్చాక కడిగాం. ఎండబెట్టాలంటే ఎండ లేదు. అసలు అతికించిన తివాచీ ఎండబెట్టడం ఎలాగో ఎవరైనా చెబితే వినాలని ఉంది. పైన ఆరినట్టే ఉంటుంది. అరచేతితో నొక్కితే తడి పైకి ఊరుతుంది. ఆగస్టు చివరకు బండి తలుపు తీస్తే ముక్కిన బియ్యం వాసన.

నాన్నగారు మాత్రం అందులో పడుకోవడం మానలేదు. సెప్టెంబరులో పిల్లికూతలు మొదలయ్యాయి. రాత్రి రెండు గంటలకు కూర్చుని ఊపిరి కోసం ఎగశ్వాస తీస్తుంటే, వీపు రాస్తూ మేము ఎన్ని రాత్రులు గడిపామో లెక్క లేదు. పాలకొల్లులో డాక్టరుగారికి చూపించాం. ఆయన మందులు రాసి, పీల్చే గొట్టం ఇచ్చి, ఎక్కడ పడుకుంటున్నారని అడిగారు. మేము బండి సంగతి చెప్పాం. అప్పుడు ఆయన వివరంగా చెప్పారు. దుమ్ములో కంటికి కనిపించని సన్న పురుగులుంటాయట. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. ఉబ్బసానికి వీటికి సంబంధం ఉందని 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ వైద్యులు కనిపెట్టారు. గాలిలో చెమ్మ ఎక్కువగా ఉన్నచోట, బొచ్చు, దూది ఉన్నచోట అవి పెరుగుతాయి. మన కోనసీమ, డెల్టా గాలి సంగతి తెలిసిందే. ఉప్పు డబ్బాలో ఉప్పు కూడా కారిపోతుంది. దానికి తోడు బూజు. "ఆ తివాచీ తీసేసి కడుక్కునే నేల ఏదైనా వేయండి. లేదా ఆయన్ను బండి ఎక్కనివ్వకండి" అన్నారు డాక్టరుగారు.

నాన్నగారు ఒప్పుకోలేదు.

మేము చెప్పి చూశాం. అక్క ఫోనులో ఏడ్చింది. పాస్టరుగారు వచ్చి మెత్తగా చెప్పి వెళ్లారు. ఆయన అందరి మాటా విని, "ఏలూరు తివాచీ అడిగింది. కొనిపెట్టలేకపోయాను. ఇదైనా ఉండనివ్వండి" అన్నారు. ఆ మాట తరువాత ఎవరం ఏం మాట్లాడతాం?

తివాచీ ఉంచి తేమ పోగొట్టాలని మేము చేయని పని లేదు. వంటసోడా చల్లి దులిపాం. నాఫ్తలీన్ ఉండలు పెట్టాం. వేపాకు పొగ వేశాం. ఆ పొగకు ఆయనకు ఆయాసం ఇంకా ఎక్కువైంది. టేబుల్ ఫ్యాను పెట్టి మూడు రోజులు తిప్పాం. కరెంటు బిల్లు పెరిగింది, వాసన పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే, ఇవన్నీ ఆయన కోసం చేశామో, గట్టిగా నిలబడి కాదని చెప్పలేక చేశామో మాకే తెలియదు. ఆయన ఊపిరి విషయంలో మేము రెండు నెలలు ఆలస్యం చేశాం. అది మా తప్పే.

నవంబరులో ఒకరోజు నాన్నగారు బండిలో స్టూలు మీద కూర్చుని ఉండగా, మరుగుదొడ్డి గుమ్మం దగ్గర స్టూలు కాలు నేలలోకి దిగిపోయింది. తివాచీ చిరగలేదు. కింద చెక్క మెత్తబడి లోపలికి పోయింది. ఆయన పక్కకు ఒరిగి పడ్డారు. మోచెయ్యి గీరుకుందంతే, దేవుని దయ. లేవదీసి కూర్చోబెట్టాక కాసేపు ఆ గుంటనే చూసి, "మేస్త్రికి కబురు చెయ్యరా" అన్నారు.

వడ్రంగి మేస్త్రి ఒకప్పుడు నాన్నగారి దగ్గర చదువుకున్నవాడే. ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పాడు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మరచిపోరు. "మాస్టారండీ, ఇది నిదానంగా తియ్యాలండీ, జిగురు గట్టిగా పట్టేసిందండీ" అంటూ వెడల్పు ఉలితో తలుపు దగ్గర మొదలుపెట్టాడు. అడుగడుగు వెడల్పు పట్టీలుగా కోసి చుట్టలు చుట్టాం. ముక్కులకు తుండుగుడ్డలు కట్టుకున్నాం. నాన్నగారిని వరండా దాటి రావద్దని కూర్చోబెట్టాం. కొంతసేపే కూర్చున్నారు.

కుడిచేతి పడక పక్కన, అమ్మ మోకరించే చోట తివాచీ లేపగానే కింద గుడ్డ కనిపించింది. అమ్మ నేత చీర. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. నాలుగు మడతలు పెట్టి సరిగ్గా మోకాళ్లు ఆనేంత మేర పరచి ఉంది. అక్కడ తివాచీ జిగురు అంచును ఆవిడే ఎప్పుడో లేపి, చీర లోపలికి తోసి, మళ్లీ అణిచేసినట్టుంది. తివాచీ మెత్తదనం ఆవిడ మోకాళ్లకు చాలలేదు. ఆ మాట మాతో అనలేదు, నాన్నగారితోనూ అనలేదు. చీర నల్లగా బూజు పట్టి, నీళ్లు పీల్చుకుని బరువుగా ఉంది.

మేమిద్దరం అలాగే నిలబడిపోయాం. నాన్నగారు ఎప్పుడు వచ్చి మా వెనక నిలబడ్డారో చూసుకోలేదు. ఆయన చెయ్యి చాచారు. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నా వినలేదు. ఆ చీర తీసుకుని నూతి దగ్గరకు వెళ్లిపోయారు. సాయంత్రం దాకా మేము ఆ వైపు వెళ్లలేదు. మేస్త్రి కూడా మాట్లాడకుండా పని చేశాడు.

తివాచీ పూర్తిగా తీసేసరికి అసలు సంగతి బయటపడింది. మేమంతా వరదను, ఒండ్రు కాళ్లను తిట్టుకుంటున్నాం గదా. వరద తడి తలుపు వైపు ఉంది. అది దాదాపు ఆరిపోయింది కూడా. చెక్క కుళ్లింది వెనక మూలన. మరుగుదొడ్డి నుంచి మురుగు నీళ్లు బయటికి పోయే గొట్టం మెడ దగ్గర వెంట్రుకంత చీలిక. బండి కుదుపులకు ఎప్పుడు చీలిందో. వాడినప్పుడల్లా నాలుగు చుక్కలు చెక్కలోకి దిగుతూ, చెక్క నుంచి తివాచీకి, తివాచీ నుంచి చీరకు పాకుతూ వచ్చాయి. అమ్మ ఉన్నప్పటి నుంచే కారుతూ ఉండాలి. ఆ చీలిక చూడకుండా, తివాచీ తీసేసి పైన వినైల్ షీటు పరిచేసి ఉంటే ఇంకా ముప్పు. తివాచీ అయితే వాసన వేసి చెబుతుంది. వినైల్ షీటు నీటిని పైకి రానివ్వదు. కింద చెక్క పొడి అయిపోయేదాకా మనకు తెలియదు.

ఆ రాత్రి నాన్నగారు వాళ్ల తాతగారి సంగతి చెప్పారు. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు తవ్వాక, బస్సులు, రైళ్లు లేని ఆ రోజుల్లో డెల్టాలో ప్రయాణమంతా పడవల మీదే. మిషనరీలు కూడా గ్రామాలకు పడవల మీదే వెళ్లి, రోజుల తరబడి ఆ పడవల్లోనే వండుకుని, పడుకుని, గట్టు దిగి వాక్యం చెప్పేవారు. మా ముత్తాత అటువంటి పడవను గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే కూలీ. "పడవలో నేల చెక్కలకు మేకులు కొట్టేవారు కాదట. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తి, అడుగున ఊరిన నీళ్లు తోడి, మళ్లీ పరిచేవారట. నీళ్లు రాకుండా ఏ పడవా ఉండదు, ఎక్కడ ఊరిందో చూసుకునే వీలుండాలి అనేవాడు మా తాత" అన్నారు. మేస్త్రి మర్నాడు ఈ మాట విని, "అయితే గొట్టం మీద ఒక మూత పెట్టేద్దామండీ" అన్నాడు. అలా మరుగుదొడ్డి గుమ్మం ముందు అడుగు చదరంలో ఎత్తి చూసుకునే మూత ఒకటి వచ్చింది. ఈ బండి మొత్తంలో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇప్పుడు అదే.

ఇక పని వివరం. మీలో ఎవరికైనా ఇటువంటి అవసరం పడితే, పాత జీపులోనో, చిన్న గదిలోనో, పనికొస్తుందని రాస్తున్నాం.

కుళ్లిన చెక్క తీసేశాం. కింద ఇనుప రేకు తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేశాం. గొట్టం మార్చాం. వెనక సగానికి 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై వేశాం. కొనేటప్పుడు ఐ.ఎస్. 710 ముద్ర ఉందో లేదో చూసుకోండి. ఆ ముద్ర రావాలంటే ప్లై 72 గంటలు నీళ్లలో ఉడికినా పొరలు విడిపోకూడదు. ముందు సగం చెక్క బాగానే ఉంది. పాత జిగురు గడ్డలు మాత్రం గీకి, సందులు లప్పంతో పూడ్చి, ఉప్పు కాగితంతో రుద్దాం. వినైల్ షీటు పల్చన. కింద బియ్యపు గింజంత ఎత్తుపల్లం ఉన్నా కొన్నాళ్లకు పైకి తేలుతుంది.

షీటు కొనడానికి తణుకు వెళ్లాం. బజారులో దీన్ని కొందరు పి.వి.సి. మ్యాటు అంటారు, పెద్దవాళ్లు ఇంకా లినోలియం అనే అంటారు. నిజానికి రెండూ వేరు. లినోలియం 1860లలో ఇంగ్లండులో వాల్టన్ అనే ఆయన అవిసె నూనెతో చేసింది. అవిసె నూనె గట్టిపడేలా చేసి, బెరడు పొడి కలిపి, గోనె బట్ట మీద ఒత్తేవారు. వినైల్ కథ తమాషా. 1926లో అమెరికాలో సీమన్ అనే రసాయన శాస్త్రవేత్త రబ్బరును ఇనుముకు అతికించే జిగురు కోసం వెతుకుతుంటే, జిగురు కుదరలేదు గాని మెత్తగా వంగే పదార్థం ఒకటి చేతికొచ్చింది. 1933 చికాగో ప్రదర్శనలో నేల మీద పరిచి చూపారు. వానకోటు నుంచి తివాచీ దాకా ఈనాడు మనం వాడే వినైల్ సరుకు అక్కడి నుంచి వచ్చిందే.

కొట్టు కుర్రవాడు చెక్క గీతలవి, పాలరాతి మచ్చలవి ఓ ఇరవై రకాలు విప్పాడు. నాన్నగారు ఏదీ ముట్టలేదు. మూలన దుమ్ము పట్టి ఉన్న చుట్ట ఒకటి చూపించి అది విప్పమన్నారు. ఏ డిజైనూ లేని ఎరుపు. మా పాత గచ్చు రంగు. "అది పోవట్లేదండీ, పాత స్టాకు" అన్నాడు కుర్రవాడు నిజాయితీగా. మందం ఒకటిన్నర మిల్లీమీటరు, వెడల్పు రెండు మీటర్లు. మా బండి లోపలి వెడల్పు అయిదున్నర అడుగులే గనుక ఎక్కడా అతుకు అవసరం లేదు. అతుకు లేకపోతే నీళ్లు దిగే దారి ఒకటి తగ్గినట్టే.

కొలత నాన్నగారు తీసుకున్నారు. చక్రాల మీది గూళ్లు, పడకల కాళ్లు, గుమ్మం వంపు, ఇవన్నీ టేపుతో కొలిస్తే తప్పు వస్తుందని, పాత దినపత్రికలు గోధుమ పిండి జిగురుతో అతికించి బండి నేలంత కాగితం తయారుచేశారు. నేల మీద పరిచి, అంచులు వేలితో నొక్కి, మడత పడినచోట కత్తిరించారు. మధ్యలో పాత వార్తలు చదువుకుంటూ కూర్చునేవారు, అందుకని ఒక పూట పని రెండు రోజులైంది. ఆ రెండు రోజులూ ఆయనకు ఆయాసం రాలేదని మేము రాత్రి పడుకోబోతూ గమనించాం. పైకి అనలేదు.

ఇంతవరకూ బాగానే చేశాం. తరువాత తొందరపడ్డాం. క్రిస్మస్ దగ్గరకొచ్చింది. 24 రాత్రి కేరల్స్‌కు పిల్లలను బండిలో తిప్పుతామని సండే స్కూలు వాళ్లకు మాట ఇచ్చి ఉన్నాం. షీటు విప్పి ఒక రోజంతా పరిచి ఉంచాలని మేస్త్రి చెప్పినా ఆగలేదు. పొద్దుటి మంచులో చల్లగా బిగుసుకుని ఉన్న షీటును గోడకు గోడకు బిగువుగా కోసి, చుట్టూ అంచులకు మాత్రం జిగురు రాసి అతికించేశాం. పిల్లలు ఎక్కారు, పాటలు పాడారు, కేకు ముక్కలు రాల్చారు. ఒక తడిగుడ్డతో అంతా పోయింది. మా సంతోషానికి మేరలేదు.

2023 మే నెలలో, ఎండలో ఊరికే నిలబడ్డ బండి తలుపు తీస్తే, నడిమధ్య నేల దోసెలా పైకి లేచి ఉంది. వినైల్ వేడికి సాగుతుంది. సాగడానికి గోడ దగ్గర చోటు లేకపోతే పైకే లేస్తుంది. మూసి ఉన్న బండిలో ఆ ఎండకు లోపలి వేడి ఎంతో ఊహించుకోండి. నాన్నగారు దాన్ని కాలితో నొక్కి, ఇంకోచోట లేవడం చూసి, "చలికాలం లెక్క వేసవికి పనికిరాదురా" అన్నారు. ఇంటర్‌లో ఉన్న మా అబ్బాయికి భౌతికశాస్త్రం పాఠం కూడా ఆ పూటే అయిపోయింది.

మళ్లీ లేపాం. చుట్టూ అర సెంటీమీటరు వదిలి కోశాం. ఈసారి నేలంతా జిగురు రాశాం. ఈ రబ్బరు జిగురు వాసన తల తిప్పేస్తుంది, నిప్పు కూడా త్వరగా అంటుకుంటుంది. అందుకని పొయ్యి, సిలిండరు బయట పెట్టి, కిటికీలన్నీ తీసి చేశాం. నాన్నగారిని మూడు రోజులు బండి దరిదాపులకు రానివ్వలేదు. మధ్య నుంచి అంచులకు, అప్పడాల కర్రకు గుడ్డ చుట్టి గాలి బుడగలు తోసేశాం. వదిలిన సందు మీద సన్న చెక్క పట్టీ కొట్టాం, గుమ్మం దగ్గర అల్యూమినియం పట్టీ. మరుగుదొడ్డి వైపు మాత్రం సిలికాన్ పెట్టాం. మూత మీద షీటు వేరేగా కోసి అతికించాం. ఇంకొక మాట. కింద రబ్బరు ఉన్న కాళ్లపట్టాలు వినైల్ మీద వేయకండి. మేము వేశాం. పసుపు మచ్చ పడింది, ఎన్ని రుద్దినా పోదు. నూలు పట్టా చాలు.

ప్లై, షీటు, జిగురు, కూలి అన్నీ కలిపి 17 వేలు దాటాయి. రెండుసార్లు చేసిన తెలివికి కొంత అందులోనే ఉంది.

నాన్నగారికి ఉబ్బసం పోయిందని మేము రాయం. ఆ గొట్టం ఇంకా జేబులోనే ఉంటుంది. చలికాలంలో, ధాన్యం నూర్చే రోజుల్లో దుమ్ముకు పీలుస్తారు. కాని బండిలో పడుకున్న రాత్రులు లేచి కూర్చోవడం తగ్గింది. రాత్రి రెండు గంటలకు మేము మెలకువ వచ్చి చెవులు రిక్కించి వినడం మాత్రం ఇంకా మానలేదు.

చీరను ఆయన బట్టల సోడాలో మూడుసార్లు ఉడకబెట్టారు. ఆకుపచ్చ భాగం ముట్టుకుంటే చిరిగిపోయింది. ఎర్ర అంచు నిలిచింది. దాన్ని రెండు ముక్కలు చేసి, మడిచి కుట్టి, బండి కిటికీ తెరలు కట్టుకునే నాడాలు చేశాం. మా అక్క వచ్చినప్పుడు చూసి, ఏమిటని అడగలేదు. చేత్తో నిమిరింది.

2024 ఫిబ్రవరిలో డోర్నకల్ వెళ్లాం. అజరయ్య బిషప్పుగారి కాలంలో కట్టి, 1939 జనవరిలో ప్రతిష్ఠించిన ఆ మందిరం చూడాలని నాన్నగారే అన్నారు. అమ్మతో వెళ్లిన చోటికి, అమ్మ లేకుండా వెళ్లడం అదే మొదలు. దారిలో ఒకచోట టీ కోసం ఆగితే, అందరి చెప్పులకూ ఎర్ర బురద. బండి ఎక్కాక ఒక చెంబు నీళ్లు, ఒక గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాం. నాన్నగారు కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"కాళ్లు పైకెత్తండి నాన్నగారూ."

పాత ఇంట్లో గచ్చు తుడిచేటప్పుడు అమ్మ రోజూ అనే మాట అది. ఆయన పేపరు దించకుండానే రెండు కాళ్లూ పైకెత్తారు. తుడిచాక తడి ఆరకముందే దించేసి, "చల్లగా ఉందిరా" అన్నారు.